ఇంగ్లీషు వాక్యములో ఉద్దేశ్యము, విధేయము

వాక్యమనగా మాటల మూట కాదు. ఒకదానినిగూర్చి ఒక సంగతి చెప్పినప్పుడే అది వాక్యమగును. "మామిడిచెట్టు" అని ఊరకుండినచో వినువారు తక్కిన మాటకై ఎదురుచూతురు. "పూచినది" అని మాత్రమే అనినచో, ఏది పూచినదని అడుగుదురు. "మామిడిచెట్టు పూచినది" అనినప్పుడు గాని వారికి తృప్తి కలుగదు. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త ప్లేటో "సోఫిస్ట్" అను సంవాదములో ఈ సంగతినే చర్చించెను. పేర్లను మాత్రమే వరుసగా పేర్చినను, క్రియలను మాత్రమే వరుసగా పేర్చినను పలుకు కాదనియు, ఈ రెండును కలిసినప్పుడే పలుకు పుట్టుననియు ఆయన చూపెను.

దేనినిగూర్చి చెప్పుచున్నామో దానిని ఇంగ్లీషు వ్యాకరణమున సబ్జెక్టు అందురు. దానినిగూర్చి చెప్పిన సంగతిని ప్రెడికేటు అందురు. మన పరిభాషలో మొదటిది ఉద్దేశ్యము, రెండవది విధేయము. ఉద్దేశము అనగా తలంపు. ఉద్దేశ్యము అనగా దేని నుద్దేశించి మాటలాడుచున్నామో అది. అట్లే ఇక్కడి విధేయమునకును, ఉత్తరముల చివర మనము వ్రాసికొను "విధేయుడు" అను మాటకును సంబంధము కల్పింపరాదు. ఇక్కడ విధేయమనగా చెప్పబడిన విషయము మాత్రమే.

ఈ విభాగము బడిపిల్లల పరీక్షలకు మాత్రమే పనికివచ్చునని కొందరి అభిప్రాయము. అట్లు కాదు. ఇల్లు కొనదలచిన ఒక గృహస్థునకు ఇంగ్లీషులో ఒక ఉత్తరము వచ్చినదనుకొందము. అందులో "ది బ్రదర్ ఆఫ్ ది ఓనర్ ఆఫ్ ది హౌస్ హాజ్ సైన్డ్ ది డీడ్" అని ఉన్నది. దస్తావేజుపై సంతకము చేసినది ఎవరు? తొందరగా చదువువారి కన్ను "ఓనర్", "హౌస్", "సైన్డ్" అను మూడు మాటలను పట్టుకొనును. ఇంటి యజమాని సంతకము చేసినాడని మనస్సు కుదుటపడును. బయానా చేతులు మారును. నిజమునకు సంతకము చేసినది యజమాని కాదు, యజమాని సోదరుడు. అతనికి అమ్ముటకు హక్కు కలదో లేదో విచారింపకముందే సొమ్ము పోయినది. ఆ వాక్యములో కఠినపదము ఒక్కటియు లేదు. నిఘంటువు చూచినను ప్రయోజనము లేదు. ఉద్దేశ్యమేదో గుర్తింపలేకపోవుటయే అక్కడి చిక్కు.

ఇట్టి పొరపాటు తెలుగువారికి సులభముగా కలుగుటకు ఒక కారణము కలదు. "ఇంటి యజమాని సోదరుడు సంతకము చేసినాడు" అని మనమందుము. ఇల్లు ముందు, యజమాని తరువాత, సోదరుడు చివర. ముఖ్యమైన పేరు చివర నిలిచి క్రియవైపు జరిగియుండును. విశేషణములన్నియు దానికి ముందే వచ్చును. ఇంగ్లీషులో "ఆఫ్" అను మాటతో సంబంధము తెలిపినప్పుడు వరుస తలక్రిందులగును. "బ్రదర్" ముందు వచ్చును. "ఓనర్", "హౌస్" అనునవి వెనుక తోకవలె వ్రేలాడును. మనము అలవాటు చొప్పున క్రియకు దగ్గరగా నున్న పేరును పట్టుకొందుము. అక్కడ దొరకునది తోక మాత్రమే; తల వాక్యము మొదటనే నిలిచిపోయినది.

రెండవ చిక్కు మన వ్యాకరణమునుండియే వచ్చును. "సబ్జెక్టు అనగా కర్త" అని చాలమంది పిల్లలు వల్లించుదురు. కర్త యనగా పని చేయువాడు. సబ్జెక్టు అన్ని వేళలను పని చేయువాడు కాదు. "రామ కిల్డ్ రావణ" అను వాక్యములో చంపినవాడు రాముడు, ఉద్దేశ్యమును రాముడే. ఇక్కడ రెండును కలిసినవి. "రావణ వాజ్ కిల్డ్ బై రామ" అనినచో చంపినవాడు ఇప్పటికిని రాముడే. కాని వాక్యము రావణుని గూర్చినది. క్రియ "రావణ" అను పదముతోనే పొందుపడియున్నది. కావున ఉద్దేశ్యము రావణుడు.

మన ప్రాచీనులు ఈ భేదమును ఎరుగనివారు కారు. పాణినీయ సంప్రదాయమున కర్త వేరు, ప్రథమా విభక్తి వేరు. కర్మణి ప్రయోగమున కర్తకు తృతీయ వచ్చును, కర్మకు ప్రథమ వచ్చును. "రాముని చేత రావణుడు చంపబడెను" అను తెలుగు వాక్యములోను అదియే పద్ధతి. కర్త యెవరని అడుగుట అర్థమును గూర్చిన ప్రశ్న. ఉద్దేశ్యమేదని అడుగుట వాక్యనిర్మాణమును గూర్చిన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయకున్న సగము కష్టము తీరును.

ఇక గుర్తించు మార్గమును చూతము. ఉద్దేశ్యమును వెదకుటకు ముందు క్రియను వెదకవలెను. దొంగను పట్టుటకు ముందు అడుగుజాడను పట్టుకొన్నట్లు, ఇంగ్లీషులో క్రియయే మనకు జాడ. అయితే వాక్యములో క్రియవలె కనబడు మాటలు అనేకములుండవచ్చును. వానిలో సమాపకక్రియ ఏది?

దీనికొక సులభమైన పరీక్ష కలదు. వాక్యములోని కాలమును మార్చి చూడవలెను. "ది బాయ్ ప్లేయింగ్ ఇన్ ది స్ట్రీట్ ఈజ్ మై సన్" అను వాక్యమును తీసికొందము. ఈ సంగతినే గతకాలమునకు మార్చినచో "ది బాయ్ ప్లేయింగ్ ఇన్ ది స్ట్రీట్ వాజ్ మై సన్" అగును. మారినది "ఈజ్" ఒక్కటే, "ప్లేయింగ్" కదలలేదు. కాలముతో మారినదే సమాపకక్రియ. "ప్లేయింగ్" అనునది తెలుగులో "ఆడుకొనుచున్న" అను మాటవంటిది. బాలునికి విశేషణము మాత్రమే. మన భాషలోను "వీధిలో ఆడుకొనుచున్న బాలుడు" అని ఊరకుండినచో వాక్యము ముగియదు గదా.

కొన్ని వాక్యములలో కాలముతో మారు క్రియలు రెండుండును. "ది మాన్ హూ సెల్స్ ఫ్లవర్స్ ఈజ్ ఇల్" అనుదానిలో "సెల్స్" మారును, "ఈజ్" కూడ మారును. అప్పుడు "హూ", "విచ్", "దట్", "వెన్", "బికాజ్", "ఇఫ్" మున్నగు మాటలను గమనింపవలెను. అవి తమ వెంట ఒక చిన్న ఉపవాక్యమును తెచ్చుకొనును. "హూ సెల్స్ ఫ్లవర్స్" అను ఉపవాక్యమును తాత్కాలికముగా ప్రక్కన నుంచినచో "ది మాన్ ఈజ్ ఇల్" అని మిగులును. అదియే ప్రధానవాక్యము.

క్రియ దొరకిన తరువాత దాని ముందు "ఎవరు" లేక "ఏది" అను ప్రశ్నను ఉంచవలెను. ఎవరు ఈజ్ ఇల్? పువ్వులమ్ము మనిషి. కావున ఉద్దేశ్యము "ది మాన్ హూ సెల్స్ ఫ్లవర్స్" అను మొత్తము. అందులో తల "మాన్". వ్యాకరణ గ్రంథములు మొత్తమును పూర్ణోద్దేశ్యమనియు, తలను ముఖ్యోద్దేశ్యమనియు వేరుచేయును. ఏకవచన బహువచనములను నిర్ణయించునది తల మాత్రమే. "ది క్వాలిటీ ఆఫ్ ది మాంగోస్ ఈజ్ గుడ్" అనవలెను గాని "ఆర్ గుడ్" అనరాదు. పండ్లు ఎన్నియున్నను నాణ్యము ఒక్కటే. "వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ యాబ్సెంట్" అనుదానిలో రానివాడు ఒక్కడే. ఇట్టి చోట్ల ఇంగ్లీషు మాతృభాషగా గలవారును తొందరలో తడబడుదురు గనుక, మన పిల్లలు తడబడినప్పుడు గద్దింప నక్కరలేదు; తలను చూపిన చాలును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ప్రశ్నను ఇంగ్లీషు వాక్యమునకే వేయవలెను గాని మన మనస్సులోని తెలుగు అనువాదమునకు వేయరాదు. "ఐ నో ఇంగ్లీష్" అను వాక్యమును మనము "నాకు ఇంగ్లీషు తెలియును" అని అర్థము చేసికొందుము. "తెలియునది ఏది" అని తెలుగులో అడిగినచో "ఇంగ్లీషు" అని సమాధానము వచ్చును. పిల్లవాడు ఉద్దేశ్యము "ఇంగ్లీష్" అని వ్రాయును. ఇంగ్లీషు వాక్యమునే చూచి "ఎవరు నో" అని అడిగినచో "ఐ" అని వచ్చును. ఆకలి, జ్వరము, ఇష్టము, అవసరము, తెలివిడి మొదలగువానిని తెలుగులో "నాకు" అని చతుర్థితో చెప్పుట మన భాషకు సహజము. ఇంగ్లీషులో "ఐ యామ్ హంగ్రీ", "ఐ హావ్ ఎ ఫీవర్", "ఐ వాంట్ వాటర్" అని అనుభవించు మనిషినే ఉద్దేశ్యముగా నిలుపుదురు. ఏ భాష కా భాష తన వాక్యమును తన పద్ధతిలో కట్టుకొనును.

దొరకినది సరియైనదా కాదా అని తేల్చుకొనుటకు మరొక పరీక్ష కలదు. వాక్యమును ప్రశ్నగా మార్చవలెను. "హాజ్ ది బ్రదర్ ఆఫ్ ది ఓనర్ ఆఫ్ ది హౌస్ సైన్డ్ ది డీడ్?" అని అడిగినప్పుడు "హాజ్" అను సహాయక్రియ దుమికి ముందుకు వచ్చినది. అది ఏ మాటలను దాటివచ్చినదో ఆ మాటలన్నియు కలిసి పూర్ణోద్దేశ్యము. సహాయక్రియ లేని వాక్యములో "డు", "డజ్", "డిడ్" అనువానిలో తగినది ముందు చేరును. "ది క్రోస్ ఈట్ రైస్" అనునది "డు ది క్రోస్ ఈట్ రైస్?" అగును. "డు" తరువాత, "ఈట్"కు ముందు మిగిలిన "ది క్రోస్" ఉద్దేశ్యము.

సంభాషణలో వాక్యము చివర చేర్చు చిన్న ప్రశ్న కూడ ఇట్లే తోడ్పడును. "ది బాయ్స్ ఇన్ ది లాస్ట్ రో ఆర్ నాయిజీ, ఆరంట్ దే?" ఆ "దే" ఎవరు? బాలురు. వరుస అయినచో "ఇట్" అని ఉండవలసినది. ఆ చివరి సర్వనామము ఉద్దేశ్యమునకు నిలువుటద్దము వంటిది.

ఇంతవరకు ఉద్దేశ్యము ముందు, విధేయము వెనుక ఉన్న వాక్యములను చూచితిమి. ఇంగ్లీషులో సామాన్యమైన వరుస అదియే. కాని మొదటి మాటనే ఉద్దేశ్యమని నమ్ముట ప్రమాదకరము. "ఇన్ ది మార్నింగ్ ది క్రోస్ కేమ్" అను వాక్యములో "ఇన్ ది మార్నింగ్" ముందు కూర్చున్నను అది ఎప్పుడు వచ్చినవో చెప్పుచున్నది. కావున విధేయమునకు చెందును. "డౌన్ కేమ్ ది రెయిన్" అనుదానిలో ఉద్దేశ్యము చివరనే ఉన్నది. పెద్దమనిషి సభలో వెనుక వరుసను కూర్చున్నంతమాత్రమున అతని పెద్దరికము పోదు గదా.

ఆజ్ఞావాక్యములలో ఉద్దేశ్యము కనబడనే కనబడదు. "షట్ ది డోర్" అనినప్పుడు "యూ" అను మాట లోలోపల ఉన్నది. ఇది మనకు వింత కాదు. తెలుగులో ఆజ్ఞ యందేగాక తక్కిన చోట్లను ఉద్దేశ్యమును విడిచిపెట్టుదుము. "వచ్చితిని" అనినచో వచ్చినది నేనని క్రియ చివరి ప్రత్యయమే తెలుపును. ఇంగ్లీషులో "కేమ్" అను రూపము నేను, నీవు, అతడు, వారు అను అందరికిని ఒక్కటే. అందువలన ఆజ్ఞావాక్యములు తప్ప, నిండు వాక్యములలో ఉద్దేశ్యమును పైకి చెప్పక తప్పదు. మనము మాటలాడునప్పుడు "ఐ" అనుమాటను జారవిడుచుట ఈ అలవాటు వలననే.

ఉద్దేశ్యము లేని చోటులేదను ఈ నియమము ఎంత బలమైనదనగా, చెప్పుటకు ఏమియు లేనప్పుడు కూడ ఇంగ్లీషువారు ఆ స్థానమును ఖాళీగా విడువరు. "ఇట్ ఈజ్ రెయినింగ్" అందురు. ఆ "ఇట్" ఏది? మేఘమా, ఆకాశమా? ఏదియు కాదు, పీఠము నిండుటకు కూర్చున్న మాట. మనము "వాన కురియుచున్నది" అని వాననే ఉద్దేశ్యము చేయుదుము. అట్లే "దేర్ ఆర్ టు టాంక్స్ ఇన్ అవర్ విలేజ్" అనుదానిలో "దేర్" ముందు వచ్చును. ఇచ్చట పాఠశాల వ్యాకరణములు "టు టాంక్స్" అనుదానిని ఉద్దేశ్యముగా చూపును. "ఆర్" అను బహువచనము దానిని బట్టియే వచ్చినదని కారణము చెప్పును. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలుగురు పండితులు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణము "దేర్" అనుదానికి వ్యాకరణరీత్యా ఉద్దేశ్యస్థానము నిచ్చి, "టు టాంక్స్" అనుదానిని అర్థరీత్యా ఉద్దేశ్యమన్నది. ప్రశ్నగా మార్చినచో "ఆర్ దేర్ టు టాంక్స్?" అని క్రియ దుమికినది "దేర్" మీదుగానే గదా. పరీక్ష వ్రాయు పిల్లలు తమ పాఠ్యపుస్తకము చెప్పినట్లు వ్రాయుట మంచిది. పెద్దలు రెండు పక్షములను తెలిసియుండుట మంచిది.

ఉద్దేశ్యము ఎల్లప్పుడును మనిషియో వస్తువో కానక్కరలేదు. "స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్" అనుదానిలో ఒక పని ఉద్దేశ్యమైనది. "వాట్ హీ సెడ్ ఈజ్ ట్రూ" అనుదానిలో "అతడు చెప్పినది" అను ఉపవాక్యమంతయు ఉద్దేశ్యము. ఏది ఈజ్ ట్రూ అని అడిగినచో చిక్కు విడిపోవును.

విధేయమును గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఉద్దేశ్యమును తీసివేయగా మిగిలినదంతయు విధేయమే. దానిలో క్రియ తప్పక ఉండును. మనము "ఆయన వైద్యుడు" అని క్రియ లేకయే నిండు వాక్యము పలుకుదుము. ఇంగ్లీషులో "హీ ఎ డాక్టర్" అనిన వాక్యము కాదు. "హీ ఈజ్ ఎ డాక్టర్" అనవలెను. మన పిల్లల వ్రాతలో "ఈజ్" తరచుగా లోపించుటకు ఇది యొక కారణము. విధేయమునకు క్రియయే వెన్నెముక అని వారికి చెప్పవలెను.

ఇంటివద్ద అభ్యాసము చేయుటకు ఒక చక్కని పద్ధతి కలదు. అమెరికాలో అలోన్జో రీడ్, బ్రెయినర్డ్ కెల్లాగ్ అను ఇద్దరు అధ్యాపకులు 1877లో తమ "హయ్యర్ లెసన్స్ ఇన్ ఇంగ్లీష్" అను గ్రంథమున వాక్యమును గీతలతో చూపు పద్ధతిని ప్రచారము చేసిరి. పలకమీద ఒక అడ్డగీత గీయవలెను. దానిని నిలువుగా ఖండించుచు మరొక గీత గీయవలెను. నిలువుగీతకు ఎడమవైపున ముఖ్యోద్దేశ్యమును, కుడివైపున ముఖ్యక్రియను వ్రాయవలెను. తక్కిన మాటలు తాము అంటిపెట్టుకొన్న మాట క్రింద ఏటవాలు గీతలమీద వ్రేలాడును. "బ్రదర్", "హాజ్ సైన్డ్" అను మాటలు పై గీతమీద నిలిచి, "ఆఫ్ ది ఓనర్" క్రిందికి దిగినప్పుడు, ఎవరు తల, ఎవరు తోక అను సంగతి పిల్లల కంటికే కనబడును.

కొన్ని వాక్యములను ఇప్పుడే పరీక్షింతము. "ది కీస్ టు ది ఓల్డ్ బాక్స్ ఆర్ ఆన్ ది టేబుల్." బల్లమీద ఉన్నవి తాళపుచెవులు, పెట్టె ఎక్కడనున్నదో వాక్యము చెప్పలేదు. తల "కీస్". "బిహైండ్ ది టెంపుల్ స్టాండ్స్ ఎ నీమ్ ట్రీ." నిలిచియున్నది వేపచెట్టు, "ఎ నీమ్ ట్రీ" చివరనున్నను ఉద్దేశ్యమే. "ఎ బాస్కెట్ ఆఫ్ మాంగోస్ వాజ్ సెంట్ టు అస్ బై మై అంకుల్." పంపినవాడు మామయ్య, ఆయన కర్త. ఉద్దేశ్యము మాత్రము బుట్ట. అందువలననే "వాజ్" అని ఏకవచనము. "ది మాన్ హూ సోల్డ్ అస్ ది కౌ హాజ్ కమ్ ఎగైన్." మరల వచ్చినది ఆవు కాదు, ఆవును అమ్మిన మనిషి.

ఇంటిలో పెద్దలు రోజునకు అయిదు వాక్యములు చొప్పున పిల్లలచేత ఇట్లు విడదీయించవచ్చును. ఇంగ్లీషు వార్తాపత్రికను ఇందుకు వాడుకొనవచ్చును. శీర్షికలలో మాత్రము సహాయక్రియలు తరచుగా లోపించును గనుక వానిని వదలి, క్రింది వార్తనే తీసికొనవలెను. మొదట క్రియ, పిమ్మట ఎవరు లేక ఏది అను ప్రశ్న, పిమ్మట తల, చివరకు వాక్యమును ప్రశ్నగా మార్చి చూచుట. ఈ నాలుగు మెట్లును నోటికి వచ్చువరకు పలక విడువరాదు.

పన్ను తాఖీదు, అద్దె ఒడంబడిక, భీమా పత్రము, ఉద్యోగపుటుత్తరువు మొదలగు కాగితములు ఇంగ్లీషులో మన ఇండ్లకు వచ్చుచునే యున్నవి. వానిలో ఎవరు చెల్లించవలెను, ఎవరు బాధ్యులు, ఎవరికి హక్కు అను ప్రశ్నలన్నిటికిని సమాధానము ఉద్దేశ్యస్థానమున గాని, "బై" అను మాట వెనుక గాని దాగియుండును. "ది రిపెయర్స్ షల్ బి పెయిడ్ ఫర్ బై ది టెనెంట్" అను వాక్యమునకు ఉద్దేశ్యము మరమ్మతులు. డబ్బు చెల్లింపవలసినవాడు అద్దెకున్నవాడు. ఒకదానిని చూచి రెండవదానిని మరువకుండ చదువగలిగినవారు ఆ కాగితముపై నిశ్చింతగా సంతకము చేయవచ్చును.